వెనక మూసిన ఉంగరం

"కోరండం హార్డ్‌నెస్ ఎంతండీ?" ఎదుటి కుర్చీలోని పెద్దమనిషి ఇడ్లీ తుంచుతూ అడిగాడు.

"తొమ్మిది."

"వజ్రం?"

"పది. కానీ సరైన చోట తడితే రెండు ముక్కలవుతుంది."

కోడ్ సరిపోయింది. ఉదయం ఏడు గంటలు. హనుమాన్ జంక్షన్‌లో హైవే పక్క టిఫిన్ హోటల్. పెద్దమనిషి పేరు దత్తాత్రేయ, గూఢచారి విభాగానికి చీఫ్. అతని ఎదురుగా ఉన్నది ఏజెంట్ ప్రద్యుమ్న. ఒకప్పుడు జియాలజీ చదివినవాడు. ఏడు నెలలుగా బెజవాడ వన్‌టౌన్‌లోని ఒక రత్నాల షాపులో దుర్గాప్రసాద్ అన్న పేరుతో రాళ్ళు పరీక్షిస్తున్నాడు.

"మూడు రోజుల క్రితం లిస్టు కాపీ అయింది," అన్నాడు దత్తాత్రేయ. "బయటి దేశాల్లో మనకి పనిచేసే పదకొండు మంది పేర్లు, అడ్రసులు. గోరంత చిప్."

"ఎవరికి చేరాలి?"

"కోల్ అనేవాడికి. గ్రానైట్ కొనేవాడి వేషం. పన్నెండింటికి మీ షాపుకొస్తాడు. రెండున్నరకి గన్నవరంలో ఫ్లైట్."

"ఎయిర్‌పోర్టులో వెతికితే?"

"దేంట్లో ఉందో తెలీకుండా ఎంతసేపు వెతుకుతాం? షాపులో చేతులు మారేటప్పుడే పట్టుకోవాలి. రాగిణి కస్టమర్‌గా వస్తుంది. నీకు బ్యాకప్." దత్తాత్రేయ చెయ్యి కడుక్కుని వచ్చి, నిలబడే అన్నాడు. "లిస్టులో ఎలీషా పేరుంది."

ఎలీషాది బందరు. ఓడలో వంటవాడు. అతన్ని ఈ పనిలోకి దింపింది ప్రద్యుమ్నే. "మీరు చెప్పారు కాబట్టి వెళ్తున్నా సార్," అన్నాడు బయల్దేరిన రోజు. ఆ మాటని ప్రద్యుమ్న రాయిని తిప్పి చూసినట్టు ఎన్నోసార్లు తిప్పి చూశాడు. ఎటు తిప్పినా బరువు తగ్గలేదు.

షాపులో అతను కూర్చునే టెస్టింగ్ క్యాబిన్ పొడవు ఆరడుగులు, వెడల్పు నాలుగు. మూడు పక్కలా టఫెన్డ్ గ్లాస్. తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. కౌంటర్ దగ్గర ఓనర్ తిరుపతిరావు బటన్ నొక్కాలి. ఫోన్ బయట పెట్టి, జేబుల్లేని కోటు వేసుకుని లోపలికి పోవాలి. కెంపులు, పచ్చలు, పుష్యరాగాలు చిన్న డ్రాయర్‌లో లోపలికొస్తాయి, అందులోనే బయటికి పోతాయి. మాటలు మైకులో.

మొదటి నెల అతనికి ఊపిరాడలేదు. రెండో నెలలో అలవాటైంది. ఆ అలవాటే ఎక్కువ భయపెట్టింది. దుర్గాప్రసాద్ అంటే తడుముకోకుండా పలుకుతున్నాడు. ప్రద్యుమ్న అని పిలిచే మనిషి ఈ ఊళ్ళో ఒక్కతే, రాగిణి. నెలకోసారి గుణదల కొండ మెట్ల దగ్గర రిపోర్టు తీసుకునేది. ఆ పిలుపు కోసం అతను నెలంతా ఎదురుచూస్తాడని ఆమెకు తెలుసు. తెలిసీ దాన్ని ఎప్పుడూ వాడుకోలేదని అతను అనుకునేవాడు.

పదకొండున్నరకి కౌంటర్ దగ్గర దుర్గాంబగారు కూర్చుని ఉన్నారు. రిటైరైన తెలుగు టీచరు. నీలం ఎవరికి పడుతుందో, ఎవరికి పడదో ముందు చెప్పలేరు కాబట్టి, కొనేవాళ్ళకి మూడు రోజులు ఇంటికి ఇచ్చి చూడమనడం ఆ షాపు పద్ధతి.

"మూడు రాత్రులు తలకింద పెట్టుకున్నానండీ," అంటున్నారావిడ. "మూడు రాత్రులూ ఒకటే కల. స్కూల్లో ఇన్‌స్పెక్షను, చేతిలో సుద్దముక్క లేదు."

"అదేమంత చెడ్డకల కాదు లెండి మేడమ్," అన్నాడు తిరుపతిరావు.

"మీకేం తెలుసు?"

అప్పుడు రాగిణి వచ్చింది. ముదురాకుపచ్చ పట్టుచీర, నల్లకళ్ళద్దాలు. షాపంతా ఒకసారి తలెత్తి చూసింది. ఆమె ఉంగరం తీసి కౌంటర్ మీద పెట్టింది.

"మావారికి పడలేదండీ. పెట్టుకున్న రోజే కారు గీసుకుపోయింది."

"నీలం అంతేనమ్మా. ప్రసాద్ గారూ, మన రాయేనా?"

ఉంగరం డ్రాయర్‌లో లోపలికొచ్చింది. ప్రద్యుమ్న లెన్స్ కింద పెట్టాడు. నీలం లోపల పట్టుపోగుల్లాంటి సన్నటి సూదులు. వాటి మధ్య ఒక నల్లటి చుక్క. రాయి పెరుగుతున్నప్పుడు అందులో చిక్కుకుపోయిన మరో ఖనిజం. ఇన్‌క్లూజన్ అంటారు. మచ్చ లేకుండా శుభ్రంగా ఉన్న రాయిని ముందు అనుమానించాలి. ఫ్యాక్టరీలో పుట్టింది కావచ్చు. లోపల ఏదో చిక్కుకుని ఉంటే భూమిలో పుట్టినదన్న నమ్మకం. ఆ చుక్కని చూసినప్పుడల్లా అతనికి తన క్యాబిన్ గుర్తొచ్చేది.

"మనదేనండీ," అన్నాడు మైకులో. డ్రాయర్ బయటికి తోశాడు.

దుర్గాంబగారు చొరవగా ఉంగరం తీసి తిరగేశారు. "అదేంటమ్మా, వెనక రేకు వేయించావ్? రాయి ఒంటికి తగలకపోతే ఇంక పడేదేంటి, పడనిదేంటి?"

"గుచ్చుకుంటోందన్నారండీ," రాగిణి నవ్వింది. కానీ నవ్వుతూనే కళ్ళద్దాల మీదుగా ఒక్క క్షణం క్యాబిన్ వైపు చూసింది.

ఆ ఒక్క క్షణం చాలింది. మూడు రోజుల క్రితం లిస్టు పోయింది. మూడు రోజుల క్రితమే రాగిణి చూస్తానని తీసుకెళ్ళినప్పుడు ఈ ఉంగరం వెనక తెరిచే ఉంది, ఇప్పుడు మూసి తిరిగొచ్చింది. అతను రాయిని చూశాడు, బంగారాన్ని చూడలేదు. ఏడు నెలలుగా రాళ్ళే చూస్తున్నాడు. గుణదల మెట్ల మీద కూడా ఒక ముఖాన్నే చూశాడు, దాని వెనక్కి వెళ్ళలేదు.

మైకు నొక్కాడు. పలకలేదు. రాగిణి హ్యాండ్‌బ్యాగ్ పక్కన మైకు వైరు ఊడి ఉంది. ఆమె తిరుపతిరావుకి ఒక ఐడీ కార్డు చూపిస్తోంది. అతని ముఖం పాలిపోయింది. ఆ కార్డు నకిలీది కాదు. ఆమె నిజంగానే ఆఫీసరు.

తిరుపతిరావు లెక్కల పుస్తకం లోపల పెట్టడానికి వంగినప్పుడు ఆమె వైరు తగిలించి, తగ్గించిన గొంతుతో అంది. "కూర్చో ప్రద్యుమ్నా. నువ్వు రాళ్ళు మార్చేస్తున్నావని చెప్పాను. మావాళ్ళొచ్చేదాకా నీ తలుపు తియ్యరు."

"ఎలీషా ఉన్నాడు అందులో."

"తెలుసు."

"ఎందుకు?"

"నువ్వు ఏడు నెలల నుంచి ఒక గదిలో ఉన్నావ్. నేను పదిహేనేళ్ళ నుంచి. నాకు తలుపు చూపించింది వాళ్ళొక్కళ్ళే." వైరు మళ్ళీ ఊడింది.

పన్నెండుకి కోల్ వచ్చాడు. పొడుగాటి మనిషి, బూట్ల మీద గ్రానైట్ దుమ్ము. రాగిణి తిరిగిచ్చిన ఉంగరం పెట్టిన ట్రేలో వేలు పెట్టి చూపించాడు. రెండు నిమిషాల్లో నీలం అతని చిటికెనవేలికి ఎక్కింది. సర్టిఫికెట్ అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపి, తలుపు వైపు నడిచాడు.

గాజు పగలగొట్టడం ప్రద్యుమ్నకి తెలుసు. కానీ రాళ్ళు మార్చే దొంగ గాజు పగలగొట్టుకుని వస్తే సెక్యూరిటీ గార్డు జాన్‌బాబు తనని పడగొడతాడు, కోల్ వెళ్ళిపోతాడు. ఉంగరంలో రహస్యం ఉందని రాసి చూపిస్తే లోపల పెట్టి తాళం వేసిన మనిషిని ఎవరు నమ్ముతారు? నిజం ఇక్కడ పనికిరాదు. మరి ఈ షాపు దేనికి కదులుతుంది?

సర్టిఫికెట్ పుస్తకం లాక్కుని పెద్ద అక్షరాలతో రాశాడు. గాజుకి ఆనించి అరచేత్తో దబదబా కొట్టాడు.

దుర్గాంబగారు కళ్ళజోడు సవరించుకుని, నలభై మంది పిల్లలకి వినిపించే గొంతుతో చదివారు. "రాయి నకిలీ. గాజు. వెనక రేకు విప్పి చూడండి."



"దొంగ అలాగే రాస్తాడు," అంది రాగిణి.

"దొంగో దొరో, ముప్పై ఏళ్ళలో నా కొట్లోంచి గాజుముక్క బయటికి పోలేదమ్మా," అన్నాడు తిరుపతిరావు. "రేకు తియ్యడానికి నిమిషం పట్టదు."

షాపుకి ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులు. కోల్ అప్పటికే లోపలిది దాటాడు. అది వెనక మూసుకుంది. బయటిది తెరవాలంటే తిరుపతిరావు బటన్ నొక్కాలి. అతను వేలు వెనక్కి తీసుకున్నాడు. రెండు గాజుల మధ్య కోల్ అటూ ఇటూ తోశాడు. ఆ ముఖం ప్రద్యుమ్నకి బాగా తెలుసు. తన మొదటి నెల ముఖం అదే.

రాగిణి బ్యాగులోంచి పిస్టల్ తీసి తిరుపతిరావు మెడకి ఆనించింది. "నొక్కు."

జాన్‌బాబు తుపాకీ ఎత్తాడు. ఎదురుగా ఓనరే ఉన్నాడు. ఏం చెయ్యాలో తోచక ఆగిపోయాడు. తిరుపతిరావు వేలు బటన్ మీదికి జరిగింది.

ప్రద్యుమ్న హార్డ్‌నెస్ పెన్సిళ్ళ పెట్టె తెరిచాడు. రాళ్ళని గీసి చూసే పుల్లలు, ఒక్కోదాని మొనకి ఒక్కో ఖనిజం. తొమ్మిదో నంబరు తీశాడు. కోరండం, నీలానికి సొంత జాతి. టఫెన్డ్ గ్లాస్ మధ్యలో ఎంత కొట్టినా చలించదు, అంచు మూలలో మాత్రం ఒక్క మొన చాలు. ఇది అతనికి మొదటి రోజు నుంచీ తెలుసు. ఇన్నాళ్ళూ ఎందుకు పగలగొట్టలేదన్నదే కొత్త ప్రశ్న. దానికి జవాబు వెతకడానికి టైం లేదు.

కొట్టాడు.

పక్క గాజంతా రాళ్ళ ఉప్పులా కుప్పకూలింది. రాగిణి తల తిప్పింది. ఆ అరక్షణంలో జాన్‌బాబు ఆమె మణికట్టు పట్టుకుని వెనక్కి విరిచాడు. బటన్‌కి వెంట్రుకవాసి దూరంలో తిరుపతిరావు వేలు ఆగిపోయింది.

దత్తాత్రేయ మనుషులు వచ్చాక కోల్ వేలి నుంచి ఉంగరం తీశారు. తిరుపతిరావు పట్టకారుతో రేకు విప్పాడు. లోపల గోరంత నల్లటి చిప్.

సంకెళ్ళతో వెళ్తూ రాగిణి క్యాబిన్ ముందు ఆగింది. "నువ్వు బయటికి వస్తావనుకోలేదు."

"నేనూ అనుకోలేదు."

తిరుపతిరావు అలవాటుగా బటన్ నొక్కాడు. టిక్కుమని క్యాబిన్ తలుపు తెరుచుకుంది. పక్క గోడే లేకపోయినా, ప్రద్యుమ్న అలవాటుగా ఆ తలుపులోంచే బయటికొచ్చాడు.

"ఇంతకీ రాయి అసలుదేనాండీ?" తిరుపతిరావు దిగులుగా అడిగాడు.

"అసలుదేనండీ."

"మరి మా సర్టిఫికెట్ మీద గాజని రాశారే!"

దుర్గాంబగారు తన నీలాన్ని మళ్ళీ బట్టలో మూట కట్టి చేతిసంచిలో వేసుకున్నారు. "ఇంకో మూడు రోజులు చూస్తానండీ. ఆ అమ్మాయి చెప్పినవాటిల్లో నీలం పడలేదన్నదొక్కటే నిజం."