ఏసీ గదిలో వేసిన అతుకు

లోవరాజు కంఠికను దీపం కింద పెట్టి, ముద్ర అంచు వెంబడి భూతద్దాన్ని నెమ్మదిగా జరిపాడు. ముద్ర చెదిరే ఉంది. చెదిరిన చోట జిగురు పూసి నున్నగా రుద్దింది తనే కాబట్టి ఆ సంగతి అతనికి తెలుసు, దీపానికి తెలియదు. ‘అక్షతం’ అన్న మీట నొక్కాడు. దీపం పచ్చగా వెలిగి ఒప్పుకుంది.

ఆ కంఠిక కోరంగి పడవ మీద టికెట్లు కొట్టే మనిషిది. దాన్ని మళ్ళీ గొంతుకి తగిలించుకుని, "వొత్తానండి బాబూ, శానా ఉపకారం" అన్నాడు, అచ్చం కోరంగి మనిషిలాగే. అంతలో తానెక్కడున్నదీ గుర్తొచ్చి, అటూ ఇటూ చూసి, వార్తలు చదివే గొంతుతో "ధన్యవాదములు" అని సర్దుకున్నాడు. లోవరాజు నవ్వాపుకుని తర్వాతి చీటీని పిలిచాడు.

కాకినాడ జగన్నాథపురం ముద్రశాలలో అతని ఉద్యోగమే అది. ఆరు నెలలకోసారి అందరూ తమ కంఠికలు తెచ్చి చూపించుకోవాలి, ఎవరూ విప్పలేదని అతను తేల్చాలి. బొంగురు జ్వరం తీరమంతా ఊడ్చేసిన ఏడాది పోయిన ప్రాణాల కంటే పోయిన గొంతులే ఎక్కువ. మాట పడిపోయినవాళ్ళకి కంఠికల సంస్థ ఈ యంత్రాలిచ్చింది. ఆ మేలు కాదనడానికి లేదు. మెడకి పట్టీ బిగించుకుంటే చాలు, పెదాలు కదిలిన కొద్దీ మాట వచ్చేది. అయితే ఆ మాట సంస్థ సభ్యస్థాయి అని పెట్టిన గొంతు హద్దు దాటి పెరిగేది కాదు, ఎవరి నోట వచ్చినా నియమగళం అనే ఒకే గొంతులో, ఒకే యాసలో వచ్చేది. అత్తగారు కోడల్ని దులిపేస్తున్నా వాతావరణ సూచన చదువుతున్నట్టే ఉండేది. ఇళ్ళలో పోట్లాటలు మర్యాదగా జరుగుతున్నాయని సంస్థ ప్రకటనలు కూడా వేసుకుంది. రేవులోనూ బస్టాండులోనూ గొంతు పెట్టుకునే బతికేవాళ్ళ ఊసు ఆ ప్రకటనల్లో లేదు.

లోవరాజు పుట్టుకతోనే విప్పే రకం. ఇడ్లీపాత్ర చేతికిచ్చినా ముందు తిరగేసి మరలెక్కడున్నాయో చూస్తాడని ముద్రశాలలో వేళాకోళం. మధ్యాహ్నం క్యారేజీ తెరిచాడంటే ఉమ్మడి గురించి ఉపన్యాసం తప్పదు. పాత రోజుల్లో యంత్రం ఎవరు చేసినా దాన్ని నడిపించే మూలరాత అందరిదీ, అది ఉండే చోటే ఉమ్మడి. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చినదాన్ని తిరిగి ఉమ్మడిలో పెట్టి కింద పేరు రాయాలి, అంతే షరతు. పేరు రాసేది గొప్పకోసమని కొందరనుకునేవారు కానీ, తప్పు దొర్లితే ఎవర్ని పట్టుకోవాలో తెలియడానికేనని లోవరాజు అన్నం కలుపుతూ కలుపుతూ వివరించేవాడు. వినేవాళ్ళు అప్పటికి పెరుగులోకి వచ్చేసేవారు.

యంత్రాల ముద్ర విప్పకూడదన్న ముద్ర చట్టం వచ్చాక కూడా ఉమ్మడిని మూసెయ్యలేదు. చదువుకోవచ్చు. కొత్తగా ఏదైనా పెట్టాలంటే మాత్రం వేలిముద్ర వెయ్యాలి. వేసిన మరుక్షణం పేరు సంస్థకి చేరుతుంది, మరమ్మతు పట్టా రద్దవుతుంది. పట్టా పోయినవాడు స్క్రూడ్రైవరు పట్టుకున్నా నేరమే. అందుకని ఎన్నో ఏళ్ళుగా ఉమ్మడిలో ఒక్క కొత్త పేరూ చేరలేదు. లోవరాజు మాత్రం రోజూ దాన్ని తెరిచి, చచ్చిపోయిన బంధువుల ఫొటోలు చూసుకున్నట్టు పాత పేర్లన్నీ చూసుకునేవాడు.

చూసి చూసి ఊరుకోలేక కంఠికకి ఒక అతుకు రాశాడు. అది ఎక్కితే గొంతు హద్దు పోతుంది, మనిషి యాస మనిషికి వచ్చేస్తుంది. ఒక కంఠికకి ఇంకో కంఠిక ఆనిస్తే చాలు, అతుకు దానంతటదే పాకుతుంది. పాత అలవాటు కొద్దీ అందులో ఇంకో ఏర్పాటు కూడా పెట్టాడు: అతుకు ఎక్కిన ప్రతి కంఠికా తనకేమైనా సవరణ వచ్చిందా అని ఎప్పటికప్పుడు ఉమ్మడిలోకి తొంగి చూస్తుంది. అక్కడ ఏమీ ఉండదని అతనికి తెలుసు. అయినా ఆ కిటికీ లేకుండా రాయడానికి చెయ్యి రాలేదు. ముద్రశాల వెనక గదిలో బల్ల మీద కంఠికని పెట్టి మధ్యాహ్నమంతా ఎక్కాలు అరిపించాడు. నిక్షేపంగా అరిచింది. అప్పట్నుంచి అడిగినవాళ్ళకీ, అడగలేక నీళ్ళు నమిలినవాళ్ళకీ వేసిచ్చాడు. ఎవరికీ చెప్పొద్దనేవాడు, పేర్లెక్కడా రాసుకునేవాడు కాదు. పట్టుబడితే తనొక్కడే పోవాలని అతని ఉద్దేశం.

ఆ రోజు తర్వాతి చీటీ సూరాడ నూకరత్నానిది. ఆవిడ రేవులో చేపల వేలం పాడుతుంది. కంఠిక తగిలించుకున్న కొత్తలో, ఇంజన్ల మోతలో, "పండుగప్పల బుట్ట వేలమునకు సిద్ధముగా ఉన్నది" అని ఆవిడ సభ్యస్థాయిలో విన్నవించుకుంటుంటే కొనేవాళ్ళు పడీ పడీ నవ్వారట. ఇంటికొచ్చి ఏడుద్దామంటే ఏడుపు కూడా నియమగళంలోనే వచ్చింది. లోవరాజు వేసిన అతుకుతో మళ్ళీ రేవంతా ఆవిడదే అయింది. ఆ సంతోషంతో ఒకసారి వంజరం ముక్కలు పట్టుకొచ్చి ఇస్తే ముద్రశాలంతా నీచువాసన కొట్టి అతను నానా అవస్థా పడ్డాడు.

అంత నడివేసవిలోనూ ఆ రోజు నూకరత్నం మెడ చుట్టూ కొంగు బిగించుకుని వచ్చింది. పట్టీ వదులు చేస్తే చాలని, లోపల చూడక్కర్లేదని అంది. లోవరాజు కొంగు తియ్యమన్నాడు. ఆవిడ అటు తిరిగింది. మళ్ళీ అడిగితే తీసింది. కంఠిక పలక ఆనే చోట చర్మం నల్లగా కమిలి, మధ్యలో బొబ్బ చితికి రసి కారుతోంది.

"ఏటి బాబూ అలా సూత్తన్నావు? కాల్తే కాల్నీ," అందావిడ. "ఎండలు ముదిరిన కాణ్ణించీ ఇంతే. పసుపు రాత్తన్నాను. నువ్వు మాత్తరం ఈ గొంతు తీసీకు."

ఇంకెవరికైనా ఇలా అయిందా అని అడిగాడు. రేవులో ఆడవాళ్ళు కొందరు తడిగుడ్డ పెట్టుకుంటున్నారని నూకరత్నం చెప్పింది. వాళ్ళందరికీ అతుకు ఎక్కించింది తానేనట. ఉప్పాడ వాళ్ళకి ఆవిడ చెల్లెలు ఎక్కించింది, అక్కణ్ణించి ఎవరు ఎవరికి ఎక్కించారో ఎవరికీ తెలియదు. తను రాసింది అంత దూరం పాకిందని వినగానే లోవరాజుకి క్షణంపాటు పట్టరాని సంతోషం కలిగింది. ఆ వెంటనే ఆ కాలిన మెడ కళ్ళబడి సిగ్గుతో తల దించుకున్నాడు.

కంఠికని విప్పి మూలరాత పరిచాడు. వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. పలక వేడెక్కితే ఆపడానికి లోపల ఒక వేడి కాపలా ఉంది. అది గొంతు హద్దుని చూసి పనిచేస్తుంది. అతను హద్దు తీసేసినప్పుడు కాపలా కూడా నిద్రపోయింది. అతను పరీక్షించింది వెనక ఏసీ గదిలో. అక్కడ ఎన్ని ఎక్కాలు అరిచినా పలక చల్లగానే ఉంది. వేలం పాడే మనిషి రేవులో నిలబడుతుందనీ, రేవులో ఎండ ఉంటుందనీ, రేవుకి కూతవేటు దూరంలో పుట్టిపెరిగిన లోవరాజుకి తట్టనే లేదు.

నూకరత్నాన్ని బల్ల మీద కూర్చోమని, లోపల కామేశ్వరి గారి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ముద్రశాల ఆవిడ చేతికింద ఉంది. అతుకుల సంగతి ఆవిడకి ఎప్పుడో తెలుసు, తెలియనట్టు ఉండటం ఇన్నాళ్ళూ ఆవిడ చేసిన సాయం. ఇప్పుడది కుదరదంది. ఒంటికి కాలిన సంగతి అదే రోజు సాయంత్రం లోగా సంస్థకి రాయాలి. రాస్తే సంస్థ మౌనాదేశం పంపుతుంది, విప్పిన కంఠికలన్నీ ఒక్కసారిగా మూగబోతాయి. మాట పోయినా ఒళ్ళు కాలకుండా ఉంటుంది కదా అంది కామేశ్వరి గారు. ఆవిడకి వాళ్ళ మీద జాలి లేక కాదు, ఆ కాలిన మెడని ఆవిడా తొంగి చూసింది.

లోవరాజు ఒప్పుకోలేదు. సవరణ ఒక్క పూటలో రాసెయ్యగలనన్నాడు. వచ్చినవాళ్ళకి వచ్చినట్టు గుట్టుగా ఎక్కిస్తానన్నాడు. రానివాళ్ళ మాటేమిటని ఆవిడ అడిగింది. వాళ్ళెవరో అతనికి తెలియదు.

"ఏళ్ళ తరబడి నీ ఉపన్యాసం విన్నాను లోవరాజూ," అంది కామేశ్వరి గారు మెల్లగా. "మూతేసిన పెట్టె తప్పంటావు. పదిమంది చూస్తేనే తప్పు దొరుకుతుందంటావు. నీ అతుకుని ఒక్కరికైనా చూపించావా? వాళ్ళూ మూతేశారు, నువ్వూ మూతేశావు. మరి తేడా ఏవుంది?"

అతనికి చెంప ఛెళ్ళుమన్నంత పనైంది. కోపం వచ్చింది కూడా. తను వాళ్ళకోసం ఇంత చేస్తే సంస్థతో కలిపి కట్టేస్తుందా అనుకున్నాడు. బయటికొచ్చి కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే కోపం చల్లారింది, మాట మాత్రం అలాగే నిలబడింది. రహస్యంగా చేసినంత కాలం అతన్ని తప్పుపట్టే మనిషి లేడు. లోపల్లోపల ఆ సుఖానికి అలవాటు పడిపోయాడేమోనన్న అనుమానం అతనికి మొదటిసారి కలిగింది.

మిగిలిన చీటీలన్నీ పక్క బల్లకి పంపి సవరణ రాయడానికి కూర్చున్నాడు. కంఠిక అతని దగ్గరుండిపోవడంతో నూకరత్నానికి మాట లేదు. ఎదురుగా కూర్చుని విసనకర్రతో తనకింత, అతనికింత విసురుతోంది. కాపలాని లేపడం తేలికే. కానీ అది లేవగానే గొంతు పూర్తిగా నొక్కేస్తుంది. అలా కాకుండా, పలక వేడెక్కితే గొంతు కొంత తగ్గి, చల్లారాక మళ్ళీ పెరిగేలా మార్చాడు. ఈసారి పరీక్షకి వెనక గదికి పోలేదు. కంఠికని నూకరత్నం మెడకి, పుండుకి తగలకుండా పక్కకి జరిపి కట్టి, ఆవిణ్ణి మిట్టమధ్యాహ్నం ఎండలో వాకిట్లో నిలబెట్టి వేలం పాడమన్నాడు.

చేపలు లేకుండా ఏం పాడాలో తెలియక ఆవిడ ముందు తటపటాయించింది. తర్వాత ముద్రశాల బల్లల్ని వేలానికి పెట్టింది. ఆ తర్వాత ఫ్యాన్లు, గుమ్మంలో కుర్చీ, కుర్చీలో కునుకు తీస్తున్న వాచ్‌మన్. వరసలో నిలబడ్డవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారు. ముద్రశాల వాకిట్లో సభ్యస్థాయి దాటిన గొంతు వాళ్ళెన్నడూ వినలేదు. కొంతసేపటికి ఒకడు వాచ్‌మన్‌కి ధర పలికాడు. లోవరాజు పలక కింద వేలు పెట్టి చూస్తూనే ఉన్నాడు. పలక వేడెక్కింది, గొంతు తగ్గింది, చల్లారాక మళ్ళీ లేచింది.

"మద్దెలో నీరసవడిపోతందేటి బాబూ?" అని నూకరత్నం గునిసింది. అప్పుడు కాసేపు నీడపట్టున కూర్చుని మంచినీళ్ళు తాగాలని, ఇంతకంటే తనకి చేతకాలేదని లోవరాజు చెప్పాడు. ఆవిడ ఆలోచించి సరేనంది.

లోపలికొచ్చి ఉమ్మడి తెరిచాడు. ఉమ్మడిలో సంతకంతో సవరణ ఉన్న లోపానికి మౌనాదేశం ఇవ్వకూడదని ముద్ర చట్టంలోనే ఒక నిబంధన ఉంది. ఇక ఎవరూ సంతకం పెట్టరన్న ధీమాతో దాన్ని ఎవరూ కొట్టెయ్యలేదు. అన్నాలవేళ ఆ చట్టాన్ని కూడా వదలకుండా చదివినవాడు లోవరాజు ఒక్కడే. అతుకునీ సవరణనీ పక్కపక్కనే పెట్టి, పైన రాశాడు: ‘ఈ అతుకు నేను రాసిందే. దీనివల్ల మెడలు కాలాయి. ఏసీ గదిలో పరీక్షించడం నా తప్పు. సవరణ ఇదిగో. ఎవరైనా చూసి చెప్పండి.’ కింద పేరు, ఊరు రాశాడు.

వేలు పెట్టే ముందు బల్ల మీద పరిచి ఉన్న పనిముట్లకేసి చూశాడు. అరిగిపోయిన సన్న స్క్రూడ్రైవరు, ఒక కొన వంగిన పట్టకారు. ఇవి లేకుండా తెల్లారి లేచి ఏం చెయ్యాలో అతనికి తెలియదు. భయమేసింది. కామేశ్వరి గారు వచ్చి వెనక నిలబడింది. రిపోర్టు ఇంకా పంపలేదని చెప్పింది.

"పట్టా పోతుంది, లోవరాజూ."

"తెలుసు మేడమ్," అని వేలు ఆనించాడు.

ముందుగా సొరుగు దానంతటదే బిగుసుకుంది. తర్వాత బల్ల మీది దీపం ఆరిపోయింది. గోడ మీద పట్టాదారుల వరసలో అతని పేరు చెరిగిపోయింది. అనుకున్నవే కాబట్టి లోవరాజు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నూకరత్నం కంఠిక మెడ మీద సన్నగా కూసింది, ఉమ్మడిలోంచి సవరణ ఎక్కుతోందన్నమాట. వరసలో ఇంకో కంఠిక కూసింది. దాని వెనక ఇంకోటి. నిజానికి వరసలో సగం మంది మెడలు కూస్తున్నాయి. ఎవరి గుట్టు వాళ్ళకే తెలుసనుకున్న మనుషులు ఒకరి మెడకేసి ఒకరు చూసుకున్నారు. పక్క బల్ల మనిషి ఎవరి ముద్రా చూడకుండా భూతద్దం కింద పెట్టేశాడు.

అప్పుడు ఉమ్మడిలో, లోవరాజు పేరు కింద, ఇంకో పేరు వచ్చింది. దాసరి సమ్మక్క, రామగుండం. వేలిముద్రతో సహా.

‘అన్నా, నీ సవరణ చూసిన. మేము గూడ ఇట్లాంటి అతుకే రాసుకుని దాచిపెట్టుకున్నం. నీ కాపలా మంచిగనే ఉన్నది గని, పలకకు చెమట తాకితే వేడి తక్కువ చూపెడతది. బొగ్గుబాయిల మావోళ్ళిద్దరికి గట్లనే కాలింది. సరిచేసి కింద పెట్టిన, ఒకపారి చూడు.’

చూశాడు. ఆమె చెప్పింది ముమ్మాటికీ నిజం. ఎండ గురించి ఆలోచించాడు కానీ చెమట గురించి ఆలోచించలేదు. తెర మీద అక్షరాలు అలుక్కుపోయాయి. నూకరత్నం కంగారుపడి దగ్గరికొచ్చింది.

"ఏటి బాబూ, ఎవరైనా తిట్టేరా?"

"లేదమ్మా. నా తప్పు పట్టుకున్నారు," అన్నాడు. ఇన్నేళ్ళలో అతన్ని మెచ్చుకున్నవాళ్ళున్నారు, వంజరం ముక్కలు తెచ్చినవాళ్ళున్నారు, అతను రాసింది చదివినవాళ్ళు లేరు. ఏడుపు ఎంతకీ ఆగలేదు. కామేశ్వరి గారు తెరని తనవైపు తిప్పుకుని చదివి, మళ్ళీ అతనివైపు తిప్పింది.

సమ్మక్క సవరణ చేర్చుకోవాలంటే అతను మళ్ళీ వేలు ఆనించాలి. మొహం తుడుచుకుని వేలు ఎత్తేలోగా మూడో పేరు వచ్చింది, కదిరి నుంచి ఎవరో. ఆ మనిషి సమ్మక్క సవరణలో తప్పు పట్టాడు.