చెమట పట్టని టిక్కీ

1986 మే. మిట్టమధ్యాహ్నం గుంటూరు మిర్చి యార్డు ముందు సీక్రెట్ ఏజెంట్ త్యాగరాజు తొడలో ఎవడో సూది దించి, జనంలో కలిసిపోయాడు.

పావుగంటకి అతనికి చలి పుట్టింది. ఆ ఎండలో!

పోస్టాఫీసు నుంచి ఫోన్ చేస్తే, చీఫ్ రామచంద్రమూర్తి సంగతి విని గబగబా చెప్పాడు.

"చలికాలమంతా నిద్రపోయే నేల ఉడతల రక్తంలోని ప్రోటీన్ అది. కణాల్లో జీన్స్‌ని ఒక్కొక్కటే ఆఫ్ చేస్తుంది. గుండె నిమిషానికి నాలుగుసార్లే కొట్టుకుంటుంది. ఉడత మళ్లీ లేస్తుంది. మనిషి లేవడు."

"విరుగుడు, సార్?"

"మేలుకుంటున్న ఉడత రక్తం. రెండు చుక్కలు చాలు. మన ల్యాబ్‌లో ఉన్న ఒక్క ఉడతనీ విదేశీ ముఠా ఎత్తుకెళ్లింది. నిద్ర చెడకుండా కోల్డ్ స్టోరేజీలో, మిర్చి బస్తాలో దాచారు. సాయంత్రం వాడరేవులో పడవ ఎక్కిస్తారు. కోటిరత్నం కారు తెస్తుంది. మన మనిషే."

నల్ల కళ్లద్దాల కోటిరత్నం కారు నింపాదిగా నడిపింది. త్యాగరాజు వాచీలోని పల్స్ మీటర్ గుండె కొట్టుకున్నప్పుడల్లా టిక్కుమంటూ 31 చూపించింది. భయమేస్తే గుండె దడదడలాడాలి. అతనిది నెమ్మదిస్తోంది. దాంతో ఇంకా భయమేసింది.

కోల్డ్ స్టోరేజీ ముందు అరవై మిర్చి బస్తాల లారీ. టిక్కీలంటారు వాటిని. పైన హమాలీ చెంచయ్య కేకలేస్తున్నాడు.

"ఏ తలమాసినోడు తీయించాడయ్యా ఈ ఎండలో? ఒక పూట వరండాలో ఉంచి తీయాలని తెలీదా? చల్లటి టిక్కీలన్నిటికీ చెమట పట్టేసింది. కాయంతా నల్లబడిపోద్ది!"

"అన్నిటికీనా?" త్యాగరాజు నాలుక మడతపడుతోంది.

"ఇదొక్కటే పొడిగా ఉందండీ. పైగా వెచ్చగా!"

మేలుకునే ఉడత ఒంట్లో కొవ్వు మండించి తనని తానే కాచుకుంటుంది.

"దించు దాన్ని!"

మెడకు పిస్టల్ తగిలింది.

"వద్దు," అంది కోటిరత్నం మెత్తగా. "ఇంకో రెండు నిమిషాలే. నొప్పేమీ ఉండదు."

పల్స్ 14. త్యాగరాజు లారీ పక్కనే కూలబడ్డాడు. చేతులు బరువెక్కాయి. అరుద్దామంటే ఊపిరి అందలేదు.

"ఏందమ్మా, పట్టపగలు తుపాకీ!" అంటూ చెంచయ్య నలభై కిలోల తడి టిక్కీని ఆమె మీదికి దొర్లించాడు. పిస్టల్ ఎటో పోయింది. కోటిరత్నం కింద, మిర్చి పైన. కుట్లు తెగి కాయలు ఆమె మొహాన పడ్డాయి.

చెంచయ్య పొడి టిక్కీ దించి చీల్చాడు. కాయల మధ్య చిల్లుల డబ్బా. లోపల గుప్పెడంత ఉడత వణుకుతోంది. త్యాగరాజు పెన్ను మూత లాగాడు. లోపల సిరంజి. రెండు చుక్కలు తీశాడు. పల్స్ 5.

గుచ్చుకున్నాడు.

వాచీ టిక్కులు ఆగాయి. చెంచయ్య దణ్ణం పెట్టుకున్నాడు.

టిక్.

చాలాసేపటికి ఇంకో టిక్. తర్వాత వెంటవెంటనే.

సాయంత్రం చీఫ్‌కి ఫోన్ చేశాడు త్యాగరాజు.

"వారం సెలవు కావాలి సార్."

"నిద్రపోవడానికా?"

"నిద్ర మాటెత్తకండి సార్. ఎండలో కూర్చోవడానికి."