తిరగేసిన గౌను

ఏడున్నరకి బడి వ్యాను వస్తుంది. ఏడుంబావుకి ఆ ఇంట్లో యుద్ధం మొదలవుతుంది. ఈ వారంలో ఇది మూడో రోజు. ఏడేళ్ల పాప యూనిఫారం గౌను తిరగేసి తొడుక్కుని, కుట్లన్నీ బయటికి కనిపిస్తుండగా గుమ్మంలో తాపీగా కూర్చుంది.

తల్లికి ఒళ్లు మండిపోయింది. ఆమె దర్జీ. ఆ వీధిలో సగంమంది ఒంటిమీద బట్టలు ఆమె కుట్టినవే. కన్నకూతురు మాత్రం ఆ పనితనాన్ని తిరగేసి ఊరంతా చూపిస్తోంది.

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు?" అంటూ గౌను విప్పి, సరిచేసి తొడిగింది. మాటలు రాని పాప కీచుమని అరిచి మెడ రక్కుకుంది. క్షణంలో గౌను నేలమీద పడింది.

బయట హారన్ మోగింది.

"ఇవాళ కూడా ఆలస్యమైతే రేపట్నుంచి ఈ సందులోకి రావద్దన్నారమ్మా బడివాళ్లు!" డ్రైవరు కేకేశాడు.

నాలుగు బళ్లు తిప్పి పంపాక దొరికిన ఐదో బడి అది. వ్యాను రాక అదీ పోతే ఇంకెక్కడికి వెళ్లాలో ఆమెకు తెలియదు.

"పోనీ, అట్లాగే పంపెయ్యి అమ్మాయ్" అంది అత్తగారు.

"దర్జీ కూతురు తిరగేసిన గౌనుతో వచ్చిందని నవ్వరూ? కూర్చుని ఎన్నయినా చెబుతారు! డాక్టరుగారు ఆటిజం అన్నారు సరే, సగం మీ గారాబమే!"

అత్తగారి మొహం ఎర్రబడింది. లేచి, ఎప్పుడూ కప్పుకునే శాలువా తీసి మంచం మీద పడేసింది. లోపలి నైటీ తిరగేసి ఉంది. జేబు కూడా బయటికి వేలాడుతోంది.

"ఇదీ గారాబమేనా?"

"అదేంటత్తయ్యా!"

"నువ్వు కుట్టిందే. మెడ దగ్గర అంచు పోగులు ఊడకుండా వేస్తావే, ఆ ఓవర్‌లాక్ దారం చీమల్లే కుడుతోంది. చెబితే కష్టపెట్టుకుంటావని ఏడాదిగా తిరగేసుకుని శాలువా కప్పుకుంటున్నా. పాపం, దానికి శాలువా కప్పుకోవడం తెలీదు."

తల్లి ఆ నైటీ మెడ కుట్టు వంక చూసింది.

"మిక్సీ చప్పుడుకి చెవులు మూసుకుంటే అర్థం చేసుకున్నావు కదా. ఒంటికి తగిలేదీ అంతేనని డాక్టరుగారు ఆరోజే చెప్పారు. నాకే చీమలైతే, దానికెట్లా ఉంటుందో!"

తల్లి గౌను తీసి మెడ లోపలి కుట్టు మీద వేలు రాసింది. ఏమీ తెలియలేదు. ఇన్నేళ్ల సూదిపనికి వేలికొసలు మొద్దుబారిపోయాయి. చెంపకు ఆనించి రుద్దింది. గరగరా గీసుకుంది.

కళ్లు చెమ్మగిల్లాయి. ఈ ఇంట్లో తన కుట్టు గురించి నిజం చెప్పింది మాటలు రాని ఈ ఒక్కతే. రోజూ చెబుతూనే ఉంది. తను రోజూ గౌను సరిచేసి, చెప్పిన నిజాన్ని మళ్లీ లోపలికే తోసేసింది.

"నన్ను క్షమించవే తల్లీ" అంటూ గౌను తిరగేసి తొడిగింది. పాప కిక్కురుమనలేదు. తనంతట తనే నడిచి వ్యాను ఎక్కింది.

"అమ్మా, గౌను తిరగబడింది" అన్నాడు డ్రైవరు నవ్వుతూ.

"తెలుసు. మా ఇంట్లో ఇట్లాగే వేసుకుంటాం. మీరు పోనివ్వండి."

వ్యాను మలుపు తిరిగేదాకా నిలబడి, లోపలికొచ్చి కొంగుతో కళ్లు తుడుచుకుంది. కుట్లు విప్పే కత్తెర పట్టుకుని చెయ్యి చాచింది.

"ఆ నైటీ ఇటివ్వండి. సాయంత్రానికి దాని గౌన్లూ, ఇదీ లోపల మెత్తని గుడ్డ వేసి కుడతాను. ఇంకేమైనా దాచారా?"

అత్తగారు ఓ క్షణం తటపటాయించింది.

"దిండు గలీబుల సంగతి రేపు మాట్లాడుకుందాంలే."