పొట్టు దిండు

తలుపు జరిగిన చప్పుడుకి తలెత్తిన ఫుసాయె చేతిలో తడిగుడ్డ అలాగే ఉండిపోయింది. గుమ్మంలో కూతురు సవాకో! ఏడాదిగా ఈ గడప తొక్కని పిల్ల, తమ సోబా సేమ్యాల కొట్టులో భోజనాల రద్దీ తగ్గే వేళకి పెద్ద సంచీతో వచ్చి, పరాయి మనిషిలా మూలబల్ల దగ్గర కూర్చుంది.

"చల్లటి సోబా ఒకటి," అంది. అమ్మా అని కూడా అనలేదు.

ఎలా అంటుంది... తను చేసిన పాపం అలాంటిది. కిందటి వేసవిలో మనవరాలు మిచిరు మొదటిసారి ఇక్కడ ఉండటానికి వచ్చినప్పుడు, ఫుసాయె కొత్త సోబా గింజల పొట్టు ఎండబెట్టి, చిన్న దిండు కుట్టి, దాని మీద కుందేలు బొమ్మ కూడా అల్లింది. ఈ కొండ ఊళ్ళో ఏ బిడ్డయినా అలాంటి దిండు మీదే నిద్రపోతుంది. సవాకో కూడా అలాగే పెరిగింది. కానీ మిచిరు ముఖం తెల్లారేసరికి ఉబ్బిపోయింది. ఊపిరి ఈలలా కూసింది. ఆస్పత్రిలో డాక్టరు, "ఈ పాపకి సోబా పడదు. పిండి గాలి తగిలినా ప్రమాదమే," అన్నాడు. అల్లుడు ఆస్పత్రినుంచే భార్యాబిడ్డల్ని తీసుకుని పట్నం వెళ్ళిపోయాడు.

అప్పటినుంచీ రోజూ మొదటి గిన్నె దేవుడి అరలో పెట్టేటప్పుడు ఫుసాయె ఒకటే అడుగుతుంది. 'ఈ గింజతోనే మా కడుపులు నింపావు కదా స్వామీ, ఆ గింజే పసిదాని గొంతు పట్టుకుందేం?' ఆమె మళ్ళీ దణ్ణం పెట్టుకుని పొయ్యి దగ్గరికి వెళుతుంది.

వంటింట్లో భర్త తొకుజి పిండి ముద్దని పల్చగా పరిచి, మడిచి, కత్తితో సన్నగా కోస్తున్నాడు. ఎవరొచ్చారో అతనికి తెలుసు. ఒక్కసారి కూడా తలెత్తలేదు. వెదురు పళ్ళెం మాత్రం ఎప్పటికన్నా నిండుగా వచ్చింది.

సవాకో సోబా పోగుల్ని పులుసులో ముంచుకుని, చప్పుడు చెయ్యకుండా తింటోంది. పక్కబల్ల మీది ముసలి కన్బే ఊరుకుంటాడా!

"ఏమ్మా, పట్నంలో జుర్రుకోవడం మరిపించారా? మీ నాన్న సోబాని మందు మింగినట్టు మింగుతున్నావే."

"నీ పళ్ళెం సంగతి చూసుకో బాబాయ్," అని, సవాకో జుర్రున లాగింది. మరోసారి లాగింది. చిన్నప్పటి చప్పుడే! వంటింట్లో కత్తి ఆగింది. పిల్ల కళ్ళనుంచి నీళ్ళు జారి పులుసులో పడ్డాయి.

చివర్లో సోబా ఉడికిన వేడినీళ్ళు తొకుజి తనే తెచ్చి, మిగిలిన పులుసులో పోశాడు.

"కొట్టు మూసేస్తానే తల్లీ. తిరగలి అమ్మేస్తా. పాప వస్తుంది కదా అప్పుడు?"

"మూస్తే ఈ దూలాల్లో పిండి పోతుందా నాన్నా? తాతగారి నాటి పిండి." కూతురు గిన్నెని రెండు చేతులా పట్టుకుని నెమ్మదిగా తాగింది. "మూయకు. నేనెక్కడ తినను?"

తొకుజి ఖాళీ పళ్ళెం చేతిలోకి తీసుకున్నాడు. ఫుసాయె సంచీకేసి చూసి, ఆశ ఆపుకోలేక అడిగింది.

"రాత్రికి ఉంటావుటే? పరుపు రోజూ ఎండలో వేస్తూనే ఉన్నాను..."

సవాకో సంచీ తెరిచింది. సబ్బు, పళ్ళ బ్రష్షు, ఒక జత బట్టలు.

"మిచిరు, వాళ్ళ నాన్న స్టేషన్లో ఉన్నారమ్మా. ఇది తిన్నాక ఊరి స్నానాలశాలలో తలంటుకుని, అన్నీ మార్చుకుంటేగాని నేను దాన్ని ముట్టుకోకూడదు." అడుగునుంచి ఇంకో జత తీసింది. చీటీ కూడా ఊడని కొత్త బట్టలు. "ఇవి నీకు. మీ అల్లుణ్ణి ఒప్పించేసరికి ఏడాది పట్టింది. నిన్ను తప్పుపట్టి కాదు, భయపడి ఆగాడు."

ఫుసాయె భర్తకేసి చూసింది.

"వెళ్ళవే," అన్నాడు తొకుజి. "నా ఒంట్లో రక్తం కన్నా ఈ పిండే ఎక్కువ. నేనెంత కడుక్కున్నా లాభం లేదు." అని వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

స్నానాలశాలలో కూతురు తల్లి వీపు రుద్దింది, తల రుద్దింది, గోళ్ళ సందుల్లో రుద్దింది. "పోయిందంటావా?" అని ఫుసాయె అడుగుతూనే ఉంది. "పోయిందమ్మా," అంటూనే ఉంది సవాకో. ఇన్నేళ్ళ పిండి సబ్బుకి పోతుందా! ఎవరు చెప్పగలరు?

స్టేషన్ బెంచీ మీద మిచిరు కాళ్ళు ఊపుతూ కూర్చుంది. పక్కనే అల్లుడు మందు చేత్తో పట్టుకుని నిలబడి, వంగి నమస్కరించాడు. ఫుసాయె దూరంగానే ఆగి, చేతులు వెనక్కి దాచుకుంది.

మిచిరు ఆమెను ఎగాదిగా చూసింది.

"అమ్మమ్మా, నీకు నేను పడనా?"

ఫుసాయె బెంచీకి ఆ చివర ఒదిగి కూర్చుంది. పిల్ల జరిగి జరిగి వచ్చి, ఆమె ఒడిలో తల పెట్టుకుని పడుకుంది.

ఫుసాయె రెండు చేతులూ గాల్లోకి ఎత్తి, దేన్నీ తాకకుండా, వాళ్ళ తిరుగు రైలు వచ్చేదాకా ఆ ఊపిరి వింటూ కూర్చుంది.