మెషిన్ ఆగాక

నాది సెలూన్. కత్తి పట్టేవాడికి చెయ్యి నిలకడగా ఉంటే చాలనుకుంటారు అందరూ. నా చెయ్యి బాగానే ఉండేది, మూత్రాశయమే మాట వినేది కాదు. ఒక చెంప గీసి, రెండో చెంపను నురగతో వదిలేసి బాత్రూమ్‌కి పరుగు. తిరిగొచ్చేసరికి నురగ ఆరిపోయి, కస్టమరు నన్ను కొరకొరా చూస్తూ ఉండేవాడు. కూర్చుంటే పొత్తికడుపు కింద సలుపు. ఇదంతా ఒక ఎత్తు, రాత్రుళ్లు ఒక ఎత్తు. నేను లేచినప్పుడల్లా నిద్ర పాడై, చివరికి మా ఆవిడ చాపా దిండూ తీసుకుని హాల్లోకి మకాం మార్చేసింది. నొప్పికంటే ఆ ఖాళీ పక్కే నన్ను ఎక్కువ బాధపెట్టేది.

డాక్టరు షాక్ వేవ్ థెరపీ రాశాడు. షాక్ అంటే కరెంటేమోనని హడలిపోయాను.

"కరెంటు కాదు సార్, అలల దెబ్బలు. బిగుసుకున్న కండరాలు వదులవుతాయి. అందరికీ ఒకేలా పనిచేస్తుందని మాత్రం చెప్పలేను," అన్నాడు థెరపిస్టు.

కాళ్ల మధ్య చల్లటి జెల్ పూసి, గన్నులాంటిది ఆనించి మొదలుపెట్టేవాడు. టక్ టక్ టక్... నా సిగ్గు మొదటిరోజే చచ్చిపోయింది.

ఆఖరి రోజు అతను మెషిన్ ఆపేసి, గన్ను పక్కన పెట్టాడు.

టక్.

నా లోపలినుంచి... ఎవరో తలుపు కొట్టినట్టు.

"ఏంటది?" అన్నాను.

అతను నా వంక చూడలేదు. "మీకూ వినబడిందా?" అన్నాడు మెల్లగా. జెల్ తుడిచేసి, చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

అయితేనేం, ఇంటికొస్తుంటే సలుపు లేదు. ఆ సాయంత్రం మధ్యలో బాత్రూమ్‌కి పరిగెత్తకుండా గడ్డాలు గీశాను. సంతోషం పట్టలేక మా ఆవిడతో చెప్పాను. "చూద్దాం మీ గొప్ప," అంటూనే దిండు తెచ్చి పక్కన వేసింది. నేను గోడవైపు, తను తలుపువైపు. కొత్త పెళ్లికొడుకులా మురిసిపోతూ నిద్రపోయాను.

చెప్పుల చప్పుడుకి మెలకువ వచ్చింది.

నా చెప్పులే. ఎడమ కాలు కాస్త ఈడ్చే నా నడకే. బాత్రూమ్ లైటు వెలిగింది. ఆగి ఆగి పడుతున్న ధార... చివర్న నా నిట్టూర్పు. నేనేమో ఇక్కడే, మంచం మీద గోడవైపే పడుకుని ఉన్నాను.

ఫ్లష్ మోగింది. చెప్పులు ఇటే వస్తున్నాయి.

చీకట్లో తడి వాసన. మంచం అటు అంచున కుంగింది.

"మళ్లీ లేచారా?" అంది మా ఆవిడ నిద్రమత్తులో. "నొప్పా?"

"లేదు. పూర్తిగా పోయింది."

అది నా గొంతు. అక్కడ అది మాట్లాడుతుంటే, ఇక్కడ నా నోట్లోంచి గాలి కూడా రాలేదు.

ఆమె చెయ్యి వెనక్కి వచ్చి పక్కంతా తడిమింది. అరచెయ్యి సరిగ్గా నా గుండె మీద పడింది. హమ్మయ్య అనుకున్నాను. ప్రాణం లేచొచ్చింది. తను ఒకసారి నిమిరి, అటే తిరిగి గుసగుసగా అంది...

"ఆ అంచున ఎందుకండీ, పడిపోతారు. ఇటు గోడదాకా ఖాళీగానే ఉంది. నేను జరుగుతాను, రండి."