పస లేని హారన్లు

పొద్దున్న ఎనిమిదిన్నరకే కింద కొట్లో మొదటి హారన్ మోగింది. వంటింటి అలమరలో గ్లాసులు గలగలలాడాయి. పిన్ని చేతిలో టీ కాస్తా కాళ్ల మీద ఒలికిపోయింది. పందొమ్మిదేళ్లుగా వింటున్నా ఆవిడ ఒళ్లు ఉలిక్కిపడడం మానలేదు.

బస్సులకీ లారీలకీ హారన్లు బిగించేది ఆవిడ మొగుడే. వీధంతా ఆయన్ని బూర బాబాయి అంటుంది. ఆ లెక్కన ఈవిడ అందరికీ పిన్ని. బిగించిన ప్రతి హారన్‌నీ మూడేసిసార్లు మోగించి చూపిస్తేగాని డ్రైవర్లు కదలరు. తలకింద దిండుకీ, తినే ముద్దకీ కూడా ఆ మోత పట్టేసిందని పిన్నికి రోత.

నిన్న డాక్టరమ్మ రక్తపోటు రెండుసార్లు చూసి మరీ చెప్పింది.

"మాత్రలు పెంచుకుంటూ పోతే లాభం లేదమ్మా. ఏళ్ల తరబడి ఇంత మోతలో ఉంటే చెవులొక్కటే కాదు పాడయ్యేది. నిద్ర చెడుతుంది, రక్తపోటు పెరుగుతుంది, ఆఖరికి గుండె మీదికొస్తుంది. అలవాటైపోయిందని మీరనుకుంటారు. ఒంటికి అలవాటు కాదు. ముందు ఆ మోతకి దూరంగా జరగండి."

ఆ సంగతే ఇవాళ తెల్లారగానే, కొట్టు తెరవకముందే మొగుడికి చెప్పింది. ఆయన అటు తిరిగి కుళాయి దగ్గర పళ్లు తోముకుంటున్నాడు.

"ఏమండీ, ఈ హారన్ల పని మానేయండి. లేదంటే నేను మా అక్క ఇంటికి పోతాను. ఈసారి ఉత్తినే అనడం లేదు."

ఉలుకూ లేదు, పలుకూ లేదు. పుక్కిలించి ఉమ్మేసి, తువ్వాలు భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు. ఆ ఉమ్మి తన మొహాన పడినట్టే అనిపించింది పిన్నికి. నాలుగేళ్లుగా ఇదే వరస. ఏం చెప్పినా పలకడు. టీవీ మాత్రం వీధి చివరిదాకా వినబడేలా పెడతాడు. ఆవిడకి ఆ మనిషంటే కోపం ఎప్పుడో దాటిపోయింది. మిగిలింది అసహ్యమే.

సంచీలో బట్టలూ మాత్రలూ కుక్కుకుని కిందికి దిగింది. కొట్టంతా గ్రీజు, కాలిన వైరు కంపు. హారన్ల కంపెనీ సేల్స్‌మాన్ ఒక అట్టపెట్టె ముందేసుకుని కూర్చున్నాడు.

"ఎక్కడికే?" అరిచాడు బాబాయి. మామూలు మాటైనా ఆయనది అరుపే.

"పొద్దున చెప్పాగా!" ఆవిడా అరిచింది.

"ఎప్పుడు చెప్పావు?"

"చాల్లెండి నాటకాలు. పెళ్లాం చస్తానన్నా పలకని మనిషి మీరు. మీ మొహం చూస్తేనే రోత పుడుతోంది."

బాబాయి మొహం మాడిపోయింది. సేల్స్‌మాన్ ఇబ్బందిగా కదిలి, ఆ కొట్లో అలవాటైన అరుపుతోనే అన్నాడు.

"అక్కా, మీరైనా చెప్పండి అన్నకి. మూణ్ణెల్లలో పదమూడు హారన్లు తిప్పి పంపాడు. మోత చాల్లేదట. మావాళ్లు అన్నీ పరీక్షించారు. ఒక్కదాంట్లోనూ లోపం లేదు."

"లోపం లేదా? నువ్వే చూడు!"

బాబాయి ఒక హారన్ తీసి బ్యాటరీకి తగిలించాడు. సేల్స్‌మాన్ చెవులు మూసుకున్నాడు. పిన్ని అదిరిపడి గోడకి జారబడింది. బాబాయి మాత్రం మోగుతున్న హారన్ మీద నాలుగు వేళ్లు ఆనించి, కళ్లు మూసుకున్నాడు.

"పిల్లి అరుపు నయం! ఈ కాలం సరుకులో పస లేదు."

పిన్ని ఆ వేళ్ల వంకే చూస్తూ ఉండిపోయింది. ఇన్నాళ్లూ అది పనిలో ఒడుపనుకుంది. ఇప్పుడు అనుమానమొచ్చింది. మెల్లగా ఆయన వెనక్కి వెళ్లి మామూలు గొంతుతో అంది.

"ఏమండీ, నేను వెళ్లిపోతున్నా. ఇక రాను."

సేల్స్‌మాన్ నోరు వెళ్లబెట్టాడు. బాబాయి వైరు విప్పుకుంటూనే ఉన్నాడు.

పిన్ని సంచీ కింద పెట్టి ఆయన ఎదురుగా కూర్చుంది.

"మీకు వినబడ్డం లేదు కదూ?" గట్టిగా అడిగింది.

ఆయన చేతులకంటిన గ్రీజు తుడుచుకున్నాడు.

"కుడి చెవి పోయి నాలుగేళ్లయింది. ఎడమదీ పోతోంది."

"నాతో ఒక్కమాట చెప్పకూడదా?"

"హారన్లమ్మేవాడికి చెవుడంటే నవ్వరూ? ఎదురుగా నిలబడి అరిచే డ్రైవర్లతో ఎలాగో నెట్టుకొచ్చా." ఆయన గొంతు మొదటిసారి తగ్గింది. "నువ్వే నాతో మాట్లాడ్డం మానేశావనుకున్నానే. విసుగొచ్చిందేమో అని నేనూ అడగలేదు."

పిన్నికి ఏడుపు ఆగలేదు. నాలుగేళ్లు ఈ మనిషి వీపుతో పోట్లాడింది. ఒక్కరోజు ఎదురుగా వచ్చి మొహం చూడలేదు. హారన్ల కన్నా, గ్రీజు కంపు కన్నా, ఇప్పుడు తన మీద తనకే ఎక్కువ రోత పుట్టింది. డాక్టరమ్మ చెప్పిందంతా ఈసారి ఆయన ఎదురుగా, గట్టిగా చెప్పింది.

గుమ్మంలోంచి ఒక బస్సు డ్రైవరు కేకేశాడు. "బాబాయ్, ఇంకోసారి మోగించు!"

బాబాయి పెళ్లాం పెదాల వంక చూశాడు. "ఏమంటున్నాడే?"

ఆవిడ చెప్పింది. ఆయన బ్యాటరీ వైర్లు పీకేసి, చుట్టచుట్టి అట్టపెట్టెలో పడేశాడు.

"ఇవన్నీ పట్టుకుపో తమ్ముడూ," అన్నాడు సేల్స్‌మాన్‌తో. "ఇక బండ్లకి అద్దాలూ లైట్లూ అమ్ముకుంటాం."

"ముందు డాక్టరమ్మ దగ్గరికి నడవండి," అంది పిన్ని కళ్లు తుడుచుకుంటూ.

"ఆఁ?"

పిన్ని ఆయన గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. అదే మాట మళ్లీ, నిదానంగా చెప్పింది.