దిగని చేయి

...అయినా ఆగడాన్ని దోషమని మొదట నిర్ణయించింది ఎవరు, ఆగడానికీ ఆలస్యానికీ తేడా తెలియాలంటే ఆగిన మనిషి మనసులోకి వెళ్లి చూడాలి కదా, ఈ గీతలో మనసెక్కడుంది అనుకుంటూనే హైమ ఫలకం మీద ఎర్రచుక్కని వేలితో తాకింది. చుక్క మాయమైంది. గీత నునుపుగా సాగింది.

"సవరణ స్వీకరించాను" అంది సమలయ, బృందాన్ని నడిపే యంత్రం.

పొద్దుటి నుంచీ ఆ మాట చాలాసార్లు అంది. దాని గొంతులో విసుగు ఉండదు. విసుగులేని గొంతుకి జవాబివ్వాలని ఎవరికీ అనిపించదని హైమ ఎప్పుడో కనిపెట్టింది. మొదట్లో "మంచిది" అనేది. ఇప్పుడు అదీ లేదు.

ఆ గీత భవానీశంకరం గారి చేతిజాడ. ఆఖరిసారి పీఠమెక్కి తను కట్టిన 'చంపావతి' కృతిని వాయింపజేసినప్పుడు ఆయన చేతులు గాలిలో ఎలా కదిలాయో అంతా అందులో ఉంది. ఆ తర్వాత విజయనగరం బృందశాలలో ఎవరూ పీఠమెక్కలేదు. వీణలవాళ్లూ వయొలిన్లవాళ్లూ మృదంగాలవాళ్లూ తమ మణికట్లకి నాడిపట్టీలు కట్టుకుంటారు. సమలయ పంపే నాడి చర్మం కింద కొట్టుకుంటుంది. దానితోపాటు వాయిస్తారు. తల ఎత్తి చూడాల్సిన పనిలేదు. పీఠాన్ని మాత్రం తియ్యలేదు. ప్రతి కచేరీకీ ముందు దాని మీద ఒక పువ్వు పెడతారు. శూన్యపీఠం అంటారు దాన్ని.

ఈ సాయంత్రం దానికి దండ వేస్తారు. భవానీశంకరం గారికి సన్మానం. ఆయన మొదటి వరసలో, ఒకటో ఆసనంలో కూర్చుంటారు. వేదిక ఎక్కించవద్దని సంఘం నిర్ణయించింది. పక్షవాతం వచ్చాక ఆయనకి మాట పోయింది, కుడి చెయ్యి పోయింది. పాట కూడా ఆయనకిప్పుడు ఉత్త చప్పుడేనని వైద్యులు చెప్పారు. తలకి కట్టిన జాలంలో, రాగం వినిపించినా రంపం వినిపించినా ఒకేరకం అలలు వచ్చాయట.

హైమని నాలుగు మాటలు మాట్లాడమన్నారు. నా వల్ల కాదంది. కృతజ్ఞత గొంతులోకి వచ్చేసరికి అది వేరే ఏదో అయిపోతుంది, తన గురించి తను చెప్పుకోవడమో, ఏడుపో అవుతుంది. ఆమెకి తెలిసినంతవరకు కృతజ్ఞత ఒంట్లో ఒక చోటు. ఆమెది ఎడమచేతి ఉంగరపువేలు.

ఆ వేలు మొద్దుబారిన ఏడాది ఆమె వయొలిన్‌ని పెట్టెలో పెట్టి, ఇంక రానని చెప్పడానికే బృందశాలకి వచ్చింది. భవానీశంకరం గారు అంతా విన్నారు. లోపలికెళ్లి ఒక స్టూలు తెచ్చి పీఠం పక్కన వేశారు.

"నువ్వు వాయించక్కర్లేదు. ఇక్కడ కూచుని వినమ్మా. ఇంతమందిమి వాయిస్తున్నాం, వినేవాళ్లే కరువు" అన్నారు.

ఆ స్టూలు మీద ఆమె ఏళ్ల తరబడి కూర్చుంది. బతికింది అక్కడే అనుకుంటుంది. సమలయ వచ్చినప్పుడు, దాన్ని చూసుకోవడానికి చెవి ఉన్న మనిషి కావాలని పట్టుబట్టి ఆమెని ఈ గాజుగదిలో పెట్టించింది కూడా ఆయనే. గాజుగదిలోకి శబ్దం సన్నగా, వడగట్టి వస్తుంది. అది పెద్దగా అవసరం కూడా ఉండదు. గీతలు చూస్తే చాలు. వినమని కూర్చోబెట్టిన మనిషి పుణ్యాన తను చూడటం నేర్చుకుంది. ఈ ఊహ వచ్చినప్పుడల్లా హైమ ఇంకో పని వెతుక్కుంటుంది.

ఇప్పుడు వెతుక్కోనక్కర్లేకుండా గాజుతలుపు మీద ఎవరో గోటితో కొట్టారు. పైడిరాజు. వేణువు సంచీ చంకలో పెట్టుకుని, మెట్లెక్కిన ఆయాసంతో తలుపు పట్టుకుని నిలబడ్డాడు. 'చంపావతి' మొదటిసారి వాయించినప్పటి బృందంలో, ఇంకా వాయిస్తున్నది అతనొక్కడే.

"ఏటమ్మా, నీ మిషను నన్నలా తరుముతున్నాదేటి?"

"కూచో బాబాయ్. మిషను కాదు, మాస్టారి జాడే అది."

"మాస్టారిదా?" పైడిరాజు కూర్చోలేదు. "మాస్టారి సెయ్యి నాకు తెలీదేటి? రెండు కాడలా ఏణువు మొదలెట్టాల. నాను గాలి పీల్చుకున్నాక గానీ ఆయన సెయ్యి దిగీది కాదు. ఉబ్బసం ఎదవకి ఏణువెందుకని ఎవుడో అంటే మాస్టారేటన్నారో తెల్సా? ఈడి ఊపిరి కూడా నా పాటలోదే, నువ్వు నీ మద్దెల సూసుకో అన్నారు. మద్దెలోడు మూడ్రోజులు నాతో మాటాడ్నేదు."

హైమ నవ్వింది. నవ్వుతూనే ఫలకం మీద ఆ రెండు చోట్లూ వెతికింది. రెండూ నునుపుగా ఉన్నాయి.

"అక్కడ తడబాటు ఉందని వచ్చింది బాబాయ్. సరిచేశాం."

"ఎవులు సేసినారు?"

ఆమె ఫలకం మీది వేలు తీసేసింది. పైడిరాజు ఆమె వేలి వైపు చూశాడు, తర్వాత చూపు తిప్పేసుకున్నాడు.

"సర్లే, దానికేటి. ఎలాగోలా లాగించెత్తాను. ఆయనెదర ఇంకోపాలి వాయించాలని ఉంది, అంతే. ఆయనకి తెలీదంతన్నారు. తెలీకపోతే మానె, నాకు తెలుస్తాది కదా."

అతను మెట్లు దిగుతుంటే ఈలలాంటి ఆ ఊపిరి చాలాసేపు వినిపించింది.

హైమ నిర్వాహకుడు ప్రభంజన్ దగ్గరికి వెళ్లింది. అతను శూన్యపీఠం ముందు నిలబడి దండ పొడవు చూసుకుంటున్నాడు.

"ఆ రెండు చోట్లా జాడని మళ్లీ మామూలుగా పెట్టేస్తానండీ."

"ఆగినట్టు వస్తుందే."

"ఆగాలి. పైడిరాజు బాబాయ్‌కి ఊపిరి అందడంలేదు."

"చూడు హైమా, వచ్చిన ప్రతివాళ్ల చేతికీ పట్టీ కడుతున్నాం. నాడి ఆగిందంటే పట్టీ పాడైందనుకుంటారు, లేకపోతే పెద్దాయన తడబడ్డాడనుకుంటారు. ఆయన బాగున్న రోజుల్లోని చెయ్యి ఇది. దాన్ని ఏ మచ్చా లేకుండా చూపించాలని నా కోరిక. ఇంకేం చెయ్యగలం మనం ఆయనకి?" అతను దండ కొసని మళ్లీ సర్దాడు. "నాకు సంగీతం నేర్పింది కూడా ఆయనే కదా."

అందులోనూ ప్రేమే ఉంది. ఆ రెండు చోట్లూ అలాగే ఉండనీ అనుకుని గాజుగదికి తిరిగొచ్చింది.

సాయంత్రానికి శాల నిండింది. సముద్రం ఊళ్లోకి వచ్చేశాక భీమిలి నుంచి పైకి తరలివచ్చిన కుటుంబాలు, సంగీత కళాశాల పిల్లలు, ఎప్పుడో ఆయన దగ్గర వాయించి మానేసినవాళ్లు. భవానీశంకరం గారిని కూతురు అరుంధతి చక్రాల కుర్చీలో తీసుకొచ్చింది. ఆయన కళ్లు వేదిక మీద కాదు, పైన దీపాల మీద ఉన్నాయి. ఎడమ మణికట్టుకి పట్టీ కట్టించుకున్నారు. శాలువా కప్పితే జారిపోయింది. అరుంధతి సర్దింది, మళ్లీ జారింది. మాట్లాడాల్సినవాళ్లు మాట్లాడారు. బాగానే మాట్లాడారు. ఆయన దీపాలనే చూస్తున్నారు.

'చంపావతి' మొదలైంది. తంబురాల మీద రీతిగౌళ సన్నటి పాయలాగా కదిలింది. వీణలు కలిశాయి. శూన్యపీఠం మీద దండ కొద్దిగా ఊగింది, ఎక్కడో పంకా తిరుగుతోంది. ఫలకం మీద నాడి చక్కగా నడుస్తోంది. దాని కింద శ్రోతల పట్టీల వరసలు. ఈ ఊళ్లో పాట వింటూ చెయ్యి ఊరికే ఉంచుకునేవాళ్లు లేరు. అందరూ తొడమీద తాళం వేస్తారు. ఆ దెబ్బలన్నీ చిన్న చిన్న గింజల్లా ఫలకం మీద రాలుతున్నాయి.

"ఒకటో ఆసనంలో విచలనం" అంది సమలయ. "ఆ పట్టీని నిద్రపుచ్చనా?"

"ఉంచు" అంది హైమ, ఏమీ ఆలోచించకుండానే.

ఒకటో ఆసనం గింజలు వరసలో కలవడంలేదు. వణుకనుకుంది. వణుకైతే చెల్లాచెదురుగా పడాలి. ఇవి అలా లేవు. ప్రతి గింజా తక్కినవాటికన్నా వెంట్రుకవాసి ముందు పడుతోంది. ప్రతిసారీ అంతే ముందు. హైమ ఫలకం మీదకి వంగింది. వినేవాడి చెయ్యి శబ్దం వచ్చాక పడుతుంది. శబ్దం కన్నా ముందు పడేది నడిపించేవాడి చెయ్యి ఒక్కటే.

తను స్టూలు మీద కూర్చుని ఏళ్ల తరబడి చూసిన చెయ్యి అది. కాకపోతే అప్పుడు కుడిచెయ్యి.

వేణువు రావలసిన చోటు వచ్చింది. నాడి ఆగకుండా కొట్టింది. పైడిరాజు సగం ఊపిరితో అందుకున్నాడు. మంద్రంలో నిలవాల్సిన స్వరం నడుమలో తెగింది, వెనక చిన్న దగ్గు. శ్రోతల గింజలు చెక్కుచెదరలేదు. ఒకటో ఆసనం దగ్గర మాత్రం ఖాళీ. చెయ్యి పైకి లేచింది, దిగలేదు. ఆ ఖాళీ సాగి సాగి, పైడిరాజు దగ్గు ఆగి గాలి పీల్చుకున్నాక, అప్పుడు పడింది ఒక గింజ. పాట అప్పటికే చాలా ముందుకు వెళ్లిపోయింది. ఆ చెయ్యి మాత్రం అతనికోసమే ఆగింది.

 జాలంలోని అలలకి దొరకని మనిషి, రోజూ ఒంటరిగా ఈ చేతిలో ఉంటున్నాడు. అందరూ ఆయన వెళ్లిపోయాడని దండ వేస్తున్నారు, ఆయనేమో ఇక్కడే ఉండి ఆగుతున్నాడు.

గాజులోంచి చూసింది. అరుంధతి తండ్రి ఎడమచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, తొడకి అదిమి పట్టుకుంది. ఒకటో ఆసనం వరస ఒక్కసారిగా బోసిపోయింది. హైమ ఆ ఆసనంతో మాట్లాడే తీగ తెరిచింది.

"అక్కా, నేను హైమని. ఆ చెయ్యి వదిలెయ్యండి."

"వణికిపోతోంది హైమా" అరుంధతి పెదవులు కదలకుండా గుసగుసగా అంది. "ఇంట్లోనూ ఇంతే. అందరూ చూస్తున్నారు."

"వణుకు కాదక్కా. ఇంట్లో ఎప్పుడు?"

"ఎప్పుడో... కుక్కర్ కూతేస్తుంటే. నేను తీగ మీద బట్టలు దులిపి ఆరేస్తుంటే." అరుంధతి ఆగింది. "దులిపినప్పుడల్లా."

"తాళం వేస్తున్నారక్కా. వదలండి. పైడిరాజు బాబాయ్ మళ్లీ మొదలెట్టాలి, ఆయన చూసుకుంటారు."

అరుంధతి తండ్రి ముఖంలోకి చూసింది. ఆయన ఇంకా దీపాలనే చూస్తున్నారు. ఆమె మెల్లిగా తన చేతులు తీసేసింది, ఒక్కొక్క వేలూ విడదీసుకుంటున్నట్టు. తీసిన చేతుల్ని ఏం చెయ్యాలో తెలియక శాలువా పట్టుకుంది. ఫలకం మీద గింజలు మళ్లీ మొదలయ్యాయి, వెంట్రుకవాసి ముందు.

వేణువు రెండోసారి రావడానికి ఇంక ఒక్క ఆవర్తమే ఉంది. పిల్లల తరగతుల్లో నాడికి మూలం ఏ పట్టీ అయినా కావచ్చు, పిల్లలు వంతులవారీగా నాడిని నడిపిస్తారు. కచేరీలో మూలం మార్చే ఆ మీటని ఎవరూ ముట్టుకోరు. ఒకవేళ తను పొరబడితే? ఒకవేళ ఆ చెయ్యి మధ్యలో అలసిపోతే, ఇంతమందీ ఆయన ఎదుటే దారి తప్పుతారు. ఆయన సన్మానంలో, ఆయన పాటలో. ఆ పొరపాటుని ఏ సమలయా సరిచెయ్యదు.

మొద్దుబారిన వేలు మీట మీద ఉంది. వేలికి దాని చల్లదనం తెలియడంలేదు. ఆమె తిప్పింది.

"మూలం ఒకటో ఆసనానికి మారింది" అంది సమలయ. కాసేపాగి, "ఈ మూలం అస్థిరంగా ఉంది" అంది.

"తెలుసు. మంచిది" అంది హైమ.

ఆమె మణికట్టు మీద నాడి మారింది. దెబ్బ అంతే బలంగా ఉంది, కానీ అంచులు మెత్తగా ఉన్నాయి, ఎవరో చెయ్యి పట్టుకున్నట్టు. వేదిక మీద వీణలవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనక వరసలో ముసలి మృదంగం మనిషి తల ఎత్తి పీఠం వైపు చూశాడు. అక్కడ దండ తప్ప ఏమీ లేదు. అయినా చూస్తూనే వాయించాడు.

"హైమా," చెవిలో ప్రభంజన్, "ఏం చేశావు? నాడి ఇలా ఎందుకుంది?"

"మాస్టారిదండీ."

"జాడేగా వేసింది?"

"జాడ కాదు. ఒకటో ఆసనం వైపు చూడండి."

 కొంతసేపటికి అతని ఊపిరి మాత్రం చెవిలో వినిపించింది.

ఆవర్తం ముగిసింది. మొదటి వరసలో ఎడమ చెయ్యి తొడమీద నుంచి లేచింది. లేచి, ఆగింది. శాలలో అందరి మణికట్ల మీదా నాడి ఒక్కసారిగా నిలిచిపోయింది. వయొలిన్ల కమాన్లు తీగల మీద ఆగాయి. ఒక్క తంబురాలు మాత్రం మోగుతున్నాయి. ఎవరో చిన్నపిల్ల తన పట్టీని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసుకుంది.

ఫలకం మీద చూడటానికి ఏమీ లేదు. ఒక ఖాళీ. అది ఎంతవరకు సాగుతుందో ఏ గీతా చెప్పడంలేదు. హైమ లేచింది. గాజుకిటికీకి ఒక గొళ్లెం ఉంది, ఈ గది కట్టినప్పటి నుంచీ దాన్ని ఎవరూ తియ్యలేదు. అది బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులతో పట్టుకుని లాగి, కిటికీ బార్లా తెరిచింది.

మొదట లోపలికి వచ్చింది వేణువు కాదు. పైడిరాజు తొందరేమీ లేకుండా గుండెల నిండా పీల్చుకుంటున్న ఊపిరి.